రెండు బట్టీల ఊరు

(హైదరాబాద్ శివారులోని ఒక గ్రంథాలయం ఆవరణలో మార్చి 20 సాయంత్రం ఒక ఉపాధ్యాయురాలు చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం. వెనక వరసల్లో కూర్చున్న ఒడిశాలోని బలంగీర్, నువాపడా జిల్లాల అక్కలకు, అన్నలకు జుహార్. వాళ్ల ఊళ్లల్లో పెద్దలకు దండం పెట్టేటప్పుడు ఆ మాటే అంటారు. మా దగ్గర చదువుకున్న వాళ్ల పిల్లలే నాకు ఆ మాట నేర్పించారు.

ఇవాళ మార్చి 20. ఒడిశావాళ్లు ఎక్కడున్నా ఈ రోజును పఖాళ దినంగా జరుపుకుంటారు. పఖాళ అంటే ఏంటో, బయట వరండాలో పెట్టిన ఆ మట్టికుండలు ఏంటో కాసేపట్లో చెబుతాను. ముందు మన ఊరి సంగతి.

మన హైదరాబాద్‌లో బట్టీ అన్న మాటకు రెండు అర్థాలున్నాయి. రంజాన్ నెల రాగానే హోటళ్ల ముందు ఇటుకలూ మట్టీ పెట్టి కట్టే పెద్ద పొయ్యి ఒక బట్టీ. అందులో దేగ్, అంటే పెద్ద వంటపాత్ర, దించి హలీం వండుతారు. ఊరి బయట పొగ వదిలే ఇటుక బట్టీ రెండోది. మొదటి బట్టీ ముందు మనం గంటసేపైనా లైన్లో నిలబడతాం. రెండో బట్టీ దగ్గరికి మనలో ఎంతమందిమి వెళ్లాం? రెండుచోట్లా ఉన్నది వేరే చోటి నుంచి వచ్చిన మనుషుల కష్టమే. ఒకరు వచ్చి తరాలు గడిచాయి, ఇంకొకరు మొన్న దసరా దాటాక వచ్చారు. హలీం బట్టీ కట్టడానికి కూడా ఆ రెండో బట్టీలో కాలిన ఇటుకే కావాలి. ఈ మాట నా మనసులో పడ్డప్పటి నుంచి ఎక్కడో ఒకచోట నలుగురికీ చెప్పాలని ఉంది.

హలీంతో మొదలుపెడతాను. చాంద్రాయణగుట్ట దాటితే బార్కస్ వస్తుంది. బ్యారక్స్ అనే ఇంగ్లిష్ మాటే జనం నోట్లో నలిగి బార్కస్ అయింది. నిజాం కొలువులో సిపాయిలుగా చేరడానికి యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి వచ్చిన అరబ్బులు అక్కడ ఉండేవాళ్లు. ఇప్పటికీ ఆ గల్లీల్లో నడిస్తే ఇంటిపేర్లు 'బా'తోనో 'బిన్'తోనో మొదలవుతాయి. మగవాళ్లు లుంగీ కట్టుకుని అరుగుల మీద కూర్చుంటారు. పొద్దున పూట హరీస్ అమ్ముతారు. గోధుమలు, మాంసం, ఉప్పు, నీళ్లు, అంతే. గంటల తరబడి ఉడకబెట్టి, మెదిపి, పైన నెయ్యి పోస్తారు. తీపి కావాలంటే చక్కెర వేసుకుంటారు. మసాలా ఘాటు ఉండదు. నాలుక మీద గోధుమ రుచి, మాంసం రుచి విడివిడిగా తెలుస్తాయి. ఇది చాలా పాత వంట. బాగ్దాద్‌లో పదో శతాబ్దంలో రాసిన వంటల పుస్తకంలోనే హరీసా ఉంది.

ఆ హరీస్ మన ఊరికి వచ్చాక మారింది. పప్పులు కలిశాయి, అల్లంవెల్లుల్లి కలిసింది, మిరపకాయ, గరంమసాలా, వేయించిన ఉల్లిగడ్డ, పుదీనా, నిమ్మచెక్క అన్నీ వచ్చి చేరాయి. అలా హైదరాబాదీ హలీం అయింది. 2010లో దానికి భౌగోళిక గుర్తింపు, అంటే జీఐ ట్యాగ్ వచ్చింది. మన దేశంలో మాంసాహార వంటకానికి ఆ గుర్తింపు రావడం అదే మొదలు. రాగిదేగ్‌లో, కట్టెల మంట మీద, దాదాపు 12 గంటలు వండాలి. నేను ఒకసారి తెల్లవారుజామున బట్టీ దగ్గర నిలబడి చూశాను. ఇద్దరు మనుషులు ఎదురెదురుగా నిలబడి, తమంత పొడుగున్న కర్రలతో దేగ్‌లో దంచుతున్నారు. ఒకరు కర్ర ఎత్తితే ఇంకొకరు దించుతారు. మా పల్లెలో ఇద్దరు ఆడవాళ్లు ఒకే రోట్లో రోకళ్లు వేస్తే ఎలా ఉంటుందో అచ్చం అలాగే ఉంది. ఇద్దరి బనియన్లూ తడిసి వీపుకు అంటుకున్నాయి. మనం చెంచాతో తీసుకుంటే సాగే ఆ జిగురు అంతా ఆ భుజాల నుంచి వచ్చిందే.

ఇంకొక్క సంగతి. 1948లో నిజాం పాలన పోయాక ఆ అరబ్బు సిపాయిల కొలువులు పోయాయి. చాలామందిని ఓడలెక్కించి తిరిగి పంపేశారు. ఇక్కడే పుట్టి పెరిగినవాళ్లు, ఇక్కడి ఆడవాళ్లను చేసుకున్నవాళ్లు ఉండిపోయారు. బతకడానికి పండ్ల వ్యాపారం చేశారు, తోటలు పట్టారు. బార్కస్ జామకాయకు పేరు వచ్చింది అలాగే. తుపాకీ పట్టిన చేతులు జామకాయల గంప ఎత్తుకున్నాయి. అంత కష్టకాలంలోనూ వాళ్ల ఇళ్లల్లో హరీస్ ఉడకడం ఆగలేదు. ఇవాళ మన జిల్లాల్లో చిన్న పట్నాల్లో కూడా కనిపించే మండీ, అంటే అరబ్బుల మాంసం అన్నం, హోటళ్ల బోర్డులకు దారి చూపించింది కూడా ఆ బార్కసే.

ఇరానీ చాయ్ గురించి మీకు తెలియంది కాదు, కానీ ఒక్క మాట చెప్పాలి. ఇరాన్ వెళ్లి ఇరానీ చాయ్ అడిగితే మనం తాగేది ఇవ్వరు. అక్కడ టీలో పాలు పొయ్యరు. చక్కెర గడ్డ పళ్ల మధ్య పెట్టుకుని ఉత్త డికాషన్ తాగుతారు. యజ్ద్ లాంటి ప్రాంతాల నుంచి బొంబాయి, పుణే మీదుగా ఇక్కడికి వచ్చినవాళ్లు, ఇక్కడి జనం పాలు లేనిదే తాగరని చూసి, డికాషన్ ఒకపక్క దమ్ మీద, పాలు ఇంకోపక్క చిక్కగా మరగబెట్టి, కప్పులో రెండూ కలిపారు. అంటే ఇరానీ చాయ్ ఇరాన్ నుంచి రాలేదు, ఇరానీల దగ్గర నుంచి వచ్చింది. వలస వచ్చినవాళ్ల వంటంటే పాత ఊరి వంట యథాతథంగా దిగిపోవడం కాదు. వదిలొచ్చిన ఊరికీ చేరిన ఊరికీ మధ్య వాళ్లు చేసుకున్న ఒప్పందం అది. దేశ విభజనలో అన్నీ వదిలి వచ్చిన సింధీ కుటుంబం 1953లో మొజంజాహీ మార్కెట్ దగ్గర బేకరీ పెట్టి, దానికి కరాచీ అని పేరు పెట్టుకుంది. మనం చుట్టాలింటికి వెళ్తూ ఆ ఫ్రూట్ బిస్కెట్ డబ్బా పట్టుకెళ్తాం. ఎవరో పోగొట్టుకున్న ఊరి పేరు ఆ డబ్బా మీద ఉందని మనకు గుర్తుకు రాదు.

ఈ వంటలన్నీ మనం మనవి చేసుకున్నాం. చాలా మంచి పని. నాకు బాధ ఎక్కడంటే, వంట మనదయ్యేసరికి మనిషి కనపడకుండా పోతున్నాడు. ఇంకా పెద్ద బాధ, ఇప్పుడొస్తున్న వాళ్ల వంట పేరు కూడా మనం అడగడం లేదు.

ఇప్పుడు రెండో బట్టీకి వస్తాను.

నేను ఇరవై ఏళ్లుగా ప్రభుత్వ బడిలో టీచర్‌ని. మా మండలం చుట్టూ ఇటుక బట్టీలు. పశ్చిమ ఒడిశా నుంచి కుటుంబాలకు కుటుంబాలు వస్తాయి. నవంబర్‌లో మొదలైతే జూన్‌లో వానలు పడేదాకా పని. భార్యాభర్తలిద్దరూ కలిసి చేస్తేగానీ లెక్క తేలదు. వెయ్యి ఇటుకలకు ఇంత అని కూలి. ఎండ తప్పించుకోవడానికి అర్ధరాత్రి లేచి మట్టి తొక్కుతారు, పొద్దెక్కేదాకా అచ్చులు పోస్తారు. పిల్లల కోసం పని జరిగే చోటే బడులు పెట్టారు, ఒడియా పుస్తకాలు తెప్పించారు. కొన్నాళ్లు నేను అలాంటి బడి చూసుకున్నాను. రేకుల కప్పు, కింద పట్టా. మధ్యాహ్న భోజనంలో మన అన్నం, సాంబారు. ఒక పాప రోజూ అన్నం తీసుకుని ఒక పక్కకు పోయి, గ్లాసుడు నీళ్లు అందులో పోసుకుని తినేది. నేను కోప్పడ్డాను. అన్నం పాడుచేస్తున్నావు అన్నాను. ఆ పాప ఏమీ అనలేదు, గిన్నె వెనక దాచుకుంది. ఆ పిల్ల తన ఊరి పద్ధతిలో తింటోందని నాకు అప్పుడు తెలియదు. ఆ గిన్నె దాచుకున్న చేతులు నాకు ఇప్పటికీ కళ్లముందు కనిపిస్తాయి.

ఆ ఆదివారం పాత చీరలు ఇద్దామని మా అమ్మను వెంటబెట్టుకుని ఆ పాప వాళ్ల గుడిసెకు వెళ్లాను. నిలబడితే తల తగిలే గుడిసె. పచ్చి ఇటుకలు పేర్చిన గోడ, పైన రేకు. పొద్దున తొమ్మిది గంటలు. అర్ధరాత్రి నుంచి పని చేసి అప్పుడే వచ్చి కాళ్లు కడుక్కుంటున్నారు. ఆ తల్లి మోకాళ్ల దాకా ఎండిన మట్టి. మమ్మల్ని చూసి మొహమాటపడి, ఇంట్లో ఉన్న ఒక్క స్టీలు పళ్లెం తుడిచి, మూలనున్న కుండలోంచి గరిటెడు తీసి మా అమ్మ ముందు పెట్టింది. రాత్రి వండి నీళ్లలో నానేసిన అన్నం. పఖాళ అంటే అదే. మెతుకు ఉబ్బి పువ్వులా విచ్చుకుంది. పుల్లటి వాసన. పక్కన ఉల్లిగడ్డ గుప్పిటతో కొట్టి పగలగొట్టినది, పచ్చిమిరపకాయ, ఉప్పు. చేతిలో చిదిపి తెచ్చిన పొడి ఒకటి వేసింది. మినప్పప్పు వడియాలు కాల్చి, వెల్లుల్లి, మిరపకాయ వేసి దంచినది. బడిచూరా అంటారు.

మా అమ్మ పళ్లెం ఎత్తి ముందు ఆ నీళ్లు తాగింది. తాగి, కళ్లు మూసుకుని కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత నా వైపు చూసి, "ఇది మన సద్దే గద బిడ్డా" అంది.

మాది పాలమూరు. మా తాత, అవ్వ కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ వెంట నాగార్జునసాగర్ పనికి పోయారు. 1955 డిసెంబర్‌లో శంకుస్థాపన జరిగిన ఆ ఆనకట్ట పూర్తయ్యేదాకా, ఆ రాళ్ల మధ్య పాలమూరు కూలీల గుంపులు ఎన్నో బతికాయి. మా అమ్మ చిన్నతనం ఆ డేరాల్లోనే గడిచింది. పొద్దున్నే తట్ట ఎత్తే ముందు రాత్రి అన్నంలో కలి పోసుకుని, ఉల్లిగడ్డ కొరుక్కుని తిని పోయేవాళ్లట. ఊరి నుంచి వచ్చేటప్పుడు ఎండబెట్టిన జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం మూట కట్టుకొచ్చేవాళ్లట. ఆ మూటలో చివరి రొట్టె అయిపోయిన రోజు మా అవ్వ ఏడ్చేదని అమ్మ చెప్పింది. ఆకలికి కాదు. ఊరి రొట్టె అయిపోయింది, ఇక పీర్ల పండుగకు పోయేదాకా ఆ వాసన దొరకదని. ఈ సంగతి అమ్మ నాకు అంతకు ముందు ఎప్పుడూ చెప్పలేదు. ఒడిశా తల్లి పెట్టిన పళ్లెం ముందు కూర్చుంటేనే అమ్మకు గుర్తొచ్చింది.

ఇద్దరికీ ఒక్క భాష లేదు. అమ్మ తెలంగాణ తెలుగు, ఆవిడ సంబల్‌పురి. పళ్లెంలో నీళ్లు చూపించి ఏమంటారని నేను అడిగితే, "తోరాణి" అంది. తెల్లారి స్టాఫ్‌రూంలో ఈ మాట చెబితే, మాతో పనిచేసే గోదావరి జిల్లా మాస్టారు ఉలిక్కిపడ్డారు. "అది మా తరవాణి కదండీ" అన్నారు. చూడండి, తోరాణి, తరవాణి. మా పాలమూరులో కలి అంటాం గానీ కుండ ఒకటే, పులుపు ఒకటే. పూరీ జగన్నాథుడికి కూడా పఖాళ నైవేద్యం పెడతారు. దేవుడు తినేది, ఇటుక బట్టీ కూలీ తినేది, మా అవ్వ తిన్నది ఒకటే తిండి. నేను ఆ పాపను కోప్పడింది దానికే.

వాళ్ల పెద్ద పండుగ నువాఖాయ్. వినాయక చవితి మర్నాడు వస్తుంది. నువా అంటే కొత్త, ఖాయ్ అంటే తినడం. కొత్త వడ్లు దంచి ముందు దేవతకు పెట్టి, ఇంట్లో పెద్దవాళ్ల చేతుల మీదుగా అందరూ తింటారు. తిన్నాక చిన్నవాళ్లు పెద్దల కాళ్లకు మొక్కి నువాఖాయ్ జుహార్ అంటారు. ఏడాదంతా ఉన్న పంతాలు, కొట్లాటలు ఆ రోజుతో సరి. ఎంత బాగుంది ఆ పద్ధతి! కానీ ఆ పండుగ చుట్టుపక్కల రోజుల్లోనే బట్టీలకు కూలీలను కుదిర్చే సర్దార్లు ఊళ్లల్లోకి వచ్చి అడ్వాన్సు ఇచ్చి పోతారు. పండుగ ఖర్చు, పాత అప్పు ఆ డబ్బుతో తీరుతాయి. ఆ డబ్బు తీర్చడానికి ఆరేడు నెలలు ఇక్కడ మట్టి తొక్కాలి. ఒక బట్టీలో లెక్క తేల్చకుండా జూన్ దాటే దాకా నాకు తెలిసిన కుటుంబాన్ని కదలనివ్వలేదు. వానలు పడ్డాయి, వాళ్ల ఊళ్లో నాట్లు మొదలయ్యాయి, వీళ్లు ఇక్కడే. నువాఖాయ్ గురించి చెప్పి ఈ సంగతి చెప్పకపోతే నేను మీకు సగమే చెప్పినట్టు.

ఛఠ్ పూజ గురించి కొంచెం చెబుతాను. బిహార్, జార్ఖండ్ నుంచి భవన నిర్మాణ పనులకు వచ్చినవాళ్లు మన హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఏటా చేస్తారు. దీపావళి అయిన ఆరో రోజు. మొదటి రోజు సొరకాయ, శనగపప్పు కూర, అన్నం. మన ఇంట్లో సొరకాయ శనగపప్పు వండిన ప్రతిసారీ ఇప్పుడు నాకు అదే గుర్తొస్తుంది. రెండో రోజు రాత్రి బెల్లం పరమాన్నం తిన్నాక, పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకుండా దాదాపు 36 గంటలు ఉపవాసం. మునిగే సూర్యుడికి ఒకసారి, తెల్లారి పొడిచే సూర్యుడికి ఒకసారి అర్ఘ్యం. నేను తెల్లవారుజామున వెళ్లాను. చలి. ఆడవాళ్లు నడుం లోతు నీళ్లల్లో తూర్పుకు తిరిగి నిలబడ్డారు. చేతుల్లో వెదురు చేటలు. మన ఇంట్లో బియ్యం చెరిగే చేటలాంటిదే. అందులో చెరకు గడ, అరటిపండ్లు, ఠేకువా. గోధుమపిండి, బెల్లం, నెయ్యి కలిపి, చెక్క అచ్చు మీద ఒత్తి, నూనెలో వేయిస్తారు. సూర్యుడు పైకి వచ్చేదాకా ఎవరూ కదల్లేదు. పూజ అయ్యాక ప్రసాదం కోసం చెయ్యి చాపితే, పక్కనున్న ముసలావిడ నా కొంగు పట్టుకుని పరిచి, ఇందులో తీసుకో అని సైగ చేసింది. ఆ రెండు ఠేకువాలు ఇంటికి తెచ్చి అమ్మకు పెట్టాను. కొరికి, అరిసె కంటే గట్టిగా ఉంది, దూరం పోయేవాళ్లకు పనికొస్తుంది అంది. అమ్మ ఏ తిండినైనా ఎన్ని రోజులు నిలుస్తుందో చూసి కొలుస్తుంది. డేరాల్లో పెరిగిన మనిషి.

2020 గుర్తుందా? లాక్‌డౌన్. మే 1 తెల్లవారుజామున మన లింగంపల్లి నుంచి జార్ఖండ్‌లోని హటియాకు ఒక రైలు బయల్దేరింది. ఆ కాలంలో వలస కూలీల కోసం దేశంలో నడిచిన మొట్టమొదటి ప్రత్యేక రైలు అది. సుమారు 1,200 మంది వెళ్లారు. ఆ రోజు మనం టీవీలో చూసి జాలిపడ్డాం. ఈ ఊళ్లో భవనాలు కట్టిన మనుషులు, మన మధ్య ఏళ్లతరబడి ఉన్న మనుషులు. వాళ్లు వెళ్లిపోతుంటే వాళ్ల పిల్లలకు ఏం ఇష్టమో, దారిలోకి ఏం కట్టివ్వాలో కూడా మనకు తెలియదు. జాలి పడటం తేలిక. ఒకరింట్లో తినాలంటే మాత్రం వాళ్ల గడప తొక్కాలి, వాళ్ల పళ్లెం పట్టుకోవాలి.

మనమూ పోయినవాళ్లమే కదా. నిజాం ఇలాకా నుంచి బొంబాయి పోయి రాళ్లు మోసిన కామాఠీల పేరు మీద అక్కడ కామాఠీపుర ఉంది. చెరకు తోటల్లో పనికి మారిషస్ పోయిన తెలుగువాళ్ల మనవళ్లు ఇవాళ ఇంట్లో క్రియోల్ మాట్లాడుకుంటున్నా, సింహాద్రి అప్పన్న పూజ వదల్లేదు. ఉగాదికి అక్కడ దేశమంతటా సెలవు. ఒక చిన్న జనాభా పండుగకు దేశం మొత్తం సెలవిచ్చి కూర్చోవడం నాకు చాలా గొప్పగా అనిపిస్తుంది. నువాఖాయ్ రోజున కనీసం మన బట్టీలకు, సైట్లకు, ఆ పిల్లలు చదివే బడులకు ఒక్క పూట సెలవు ఇవ్వగలమా? ఈ సభలో మా మండలం అధికారులు కూడా ఉన్నారు. మీ ముందే అడుగుతున్నాను.

ఇక ఎక్కువసేపు మాట్లాడను. వెనక వరసల్లో కూర్చున్న అక్కలు పొద్దున మూడింటి దాకా పని చేసి, నిద్ర మానుకుని వండారు. వరండాలో ఎడమపక్క నాలుగు కుండలు ఉన్నాయి, అది పఖాళ. పక్క గిన్నెలో బడిచూరా, కారంగా ఉంటుంది, చిన్నపిల్లలకు కొంచెమే వేయండి. కుడిపక్క మా అమ్మ జొన్నరొట్టెలు, ఎల్లిపాయ కారం పెట్టుకుని కూర్చుంది. గిన్నె ఎవరిది వాళ్లే పట్టుకెళ్లండి, కింద చాపలు వేశాం, అందరూ ఒకే బంతిలో కూర్చోవాలి. ఆ పాప ఇప్పుడు ఏడో తరగతి, వడ్డించేది తనే. వేడన్నం కావాలని అడగకండి, పఖాళ చల్లగానే తినాలి. నీళ్లు వంపేయకండి. ముందు అవే తాగాలి.